పార్శిల్ బరువు వేరు, కొరియర్ వాళ్లు లెక్కేసే బరువు వేరు

రంజాన్ దగ్గర పడుతోందంటే చాలా ఇళ్లలో అబాయాలు, డ్రెస్ మెటీరియల్స్, లాడ్ బజార్ గాజులు, అత్తర్ల అమ్మకం జోరందుకుంటుంది. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఆర్డర్లు వస్తాయి. పండగ అయ్యాక లెక్క చూసుకుంటే మాత్రం, "ఇంత అమ్మాం, మిగిలిందేమిటి?" అనిపిస్తుంది. చాలాసార్లు ఆ డబ్బు వెళ్లింది కొరియర్‌కే.

మొదట తెలుసుకోవాల్సింది బరువు లెక్క. ప్రైవేటు కొరియర్లు తూకం ఒక్కటే చూడవు, పార్శిల్ ఆక్రమించే చోటు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె కిలోల్లో ఉంటుంది. దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. ఇదీ, అసలు తూకమూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ.

గాజుల సంగతి చూడండి. ప్యాకింగ్‌తో కలిపి సెట్ 400 గ్రాములు ఉందనుకుందాం. ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని 30×25×10 డబ్బాలో పెట్టి పంపితే 7500ను 5000తో భాగించాలి, అంటే 1.5 కిలోలు. అదే సెట్‌ను 20×12×10 డబ్బాలో సర్దితే 0.48 కిలో. ఛార్జీ ఎక్కువగా అరకిలో లెక్కన పెరుగుతుంది కాబట్టి మొదటి డబ్బాకు మూడు అరకిలోల డబ్బు, రెండోదానికి ఒక్కటే. వస్తువు అదే, కస్టమర్ అదే! బట్టలకైతే అసలు డబ్బా ఎందుకు? బాగా మడిచి ప్లాస్టిక్ కొరియర్ కవర్‌లో పెడితే చాలు.

బరువు తక్కువ రాసి పంపితే గిట్టుబాటవుతుందని కొందరు అనుకుంటారు. హబ్‌లో మళ్లీ కొలుస్తారు, తేడాను మీ వాలెట్‌లోంచి కోసేస్తారు. ఒక్కోసారి వాళ్లే తప్పు కొలుస్తారు కూడా. అందుకే ప్రతి పార్శిల్‌ను తూకం మీద పెట్టి, పక్కన టేపు ఉంచి ఫొటో తీసుకోండి. అభ్యంతరం చెప్పడానికి కొన్ని రోజుల గడువే ఇస్తారు.

తర్వాత దూరం. ఊళ్లోనే అయితే ఒక రేటు, రాష్ట్రంలో అయితే ఇంకొకటి, మెట్రో నగరాల మధ్య మరొకటి. ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్‌కు ఇంకా ఎక్కువ. రేట్లు పోల్చేటప్పుడు ఒకే పిన్‌కోడ్, ఒకే కొలతలు ఇచ్చి చూడండి. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అని కూడా అడగండి. మారుమూల పల్లెలకు స్పీడ్ పోస్ట్‌ను కూడా పోల్చి చూడాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ను అందులోనే కలిపేశారు. బస్టాండుకు వచ్చి తీసుకెళ్లే కస్టమర్ అయితే ఆర్టీసీ కార్గో రేటు కూడా అడగొచ్చు.

ఆల్కహాల్ కలిసిన సెంట్లు మండే స్వభావం ఉన్నవి. విమానంలో పంపడానికి ఆంక్షలుంటాయి కాబట్టి బుకింగ్‌లోనే లోపల ఏముందో చెప్పి, రోడ్డు మార్గంలో వెళ్తుందో లేదో అడగండి. "గిఫ్ట్ ఐటం" అని రాసి దాటేయకండి.

అన్నిటికన్నా ఎక్కువ ముంచేది క్యాష్ ఆన్ డెలివరీ. ఒక పార్శిల్‌కు 60 రూపాయలు, వెనక్కి రావడానికి మరో 60 అనుకుందాం. పది పంపితే 600. అందులో రెండు, "ఇంట్లో లేం", "వద్దు" అని తిరిగొస్తే ఇంకో 120. మొత్తం 720, జీఎస్టీతో 849 రూపాయల 60 పైసలు. అమ్ముడైనవి ఎనిమిదే. ఒక్కోదానికి పడిన ఖర్చు 106 రూపాయల 20 పైసలు. సీఓడీ రుసుము, కవర్, టేపు వీటికి అదనం. 60 అనుకుని ధర పెట్టినవారికి ప్రతి ఆర్డర్ మీదా 46 రూపాయలు చేతి నుంచి పోయినట్టే.

కొత్త కస్టమర్ దగ్గర కనీసం పోనురాను ఛార్జీ అయినా ముందే యూపీఐలో తీసుకోండి. "బాజీ, నమ్మకం లేదా?" అని అడుగుతారు. మొహమాటపడకుండా, వస్తువు ధర ఇంత, కొరియర్ ఇంత అని విడివిడిగా రాసి పంపండి. ఫ్రీ షిప్పింగ్ అని చెప్పి ధరలో కలిపేవాళ్లు ఉంటారు, అదీ ఒక పద్ధతే. కానీ అలా చేస్తే కలపాల్సింది 60 కాదు, పైన లెక్క తేలిన 106.