ఉయ్యాల తెగేది తాడు సన్నమై కాదు

పెరట్లో చెట్టుకు ఉయ్యాల వేయాలనుకోగానే కొట్లో అడిగే మొదటి మాట, లావు తాడు ఉందా అని. తాడు ఎంత లావుంటే ఉయ్యాల అంత భద్రమన్నది బాగా పాతుకుపోయిన నమ్మకం. లెక్క వేసి చూస్తే అది నిలవదు. ఉయ్యాల కదలకుండా ఉన్నప్పుడు తాళ్ల మీద పడేది మనిషి బరువు మాత్రమే. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణంలో ఆ భారం రెండింతలవుతుంది. తాళ్లు నేలకు సమాంతరమయ్యేంత ఎత్తుకు ఊగితే మూడింతలు. 70 కిలోల మనిషి అంత ఎత్తుకూ ఊగాడనుకుందాం: 210 కిలోలు, రెండు తాళ్లకూ పంచితే ఒక్కోదానికి 105. మూడు పేటల పాలియెస్టర్ తాడు, 12 మిల్లీమీటర్లది, కొత్తగా ఉన్నప్పుడు తెగాలంటే దాదాపు రెండు టన్నుల లాగుడు కావాలి. ముడి వేసినందుకు అందులో సగం బలం పోయిందనుకున్నా, అవసరానికి తొమ్మిది రెట్లకు పైగా మిగిలే ఉంటుంది. అయినా ఉయ్యాలలు తెగిపడుతూనే ఉన్నాయంటే లోపం లావులో లేదు. తాడు కొమ్మను ఒరుసుకునే చోట, ముడిలో మెలిక తిరిగే చోట, ఎండకు పెళుసెక్కిన చోట ఉంది. ఇంకా లావు తాడు కొంటే అరిగిపోవడానికి మరికొంత సరుకు దొరుకుతుంది, చేతికి పట్టు బాగుంటుంది, అంతే. అరుగుదల ఆగదు.

అందుకే తాడు ఎంపికలో అసలు ప్రశ్న అది ఎంత బరువు మోస్తుందని కాదు, ఎండావానల్లో ఎంతకాలం అలాగే ఉంటుందని. అన్నిటికంటే నైలాన్ గట్టిదన్న మాటలో నిజం ఉంది. కానీ అది బాగా సాగుతుంది, తడిస్తే బలంలో పది, పదిహేను శాతం కోల్పోతుంది. బల్ల ఎక్కగానే కిందికి దిగి, దిగగానే పైకి లేచే ఉయ్యాల ఎవరికి కావాలి? నీలం, పసుపు రంగుల్లో చవగ్గా దొరికే ప్లాస్టిక్ తాడు పాలిప్రొపిలీన్. ఎండను తట్టుకునే మందు కలపని రకమైతే కొన్ని నెలలకే పైపొర గరుకెక్కి, గోటితో గీరితే పొడి రాలుతుంది. పైగా నున్నగా ఉండడంతో ముళ్లు జారతాయి. కొబ్బరి తాడు సహజమైనది కాబట్టి మేలని చాలామంది అంటారు. చేతికి దాని పట్టు బాగుంటుంది, నిజమే. కానీ అదే లావు కృత్రిమ తాడుతో పోలిస్తే దాని బలం చాలా తక్కువ. వానకు తడిసి సరిగా ఆరకపోతే కనిపించకుండా లోపలినుంచే కుళ్లుతుంది. ఏడాది పొడవునా బయట ఉండే ఉయ్యాలకు తక్కువ సాగి, ఎండకు ఓర్చే పాలియెస్టర్ తాడే సరైనదని నా అభిప్రాయం.

మా తాతలు అట్లతద్దికి కొబ్బరి మోకులతోనే ఊగారు, ఏమైందని అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. ఆశ్వయుజ బహుళ తదియకు వేసే ఆ ఉయ్యాల పండుగ పూటకు వేసి తీసేసేది. రోజూ పశువుల పగ్గాలు, చేంతాళ్లు పేనిన చేతులు దాన్ని కట్టేవి. ఇప్పుడు మనం కట్టి వదిలేసేది నాలుగు కాలాలూ వేలాడుతుంది. రోజూ తాడుతోనే బతికేవాళ్లకు కూడా అలవాటు ఒక్కటే కాపలా కాలేదు. తాటిచెట్ల మీంచి పడిపోతున్న గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు ఇవ్వాల్సి వచ్చింది.

ముడి సంగతికొస్తే, ఎన్ని ముళ్లు వేస్తే అంత గట్టి అన్నది మరో అపోహ. మెలికలో బయటి వైపు నారలు సాగి బరువంతా మోస్తాయి, లోపలి వైపువి నలిగి ఊరకే ఉంటాయి. వంపు ఎంత ఇరుకైతే నష్టం అంత ఎక్కువ. ముడి మీద ముడి వేస్తే బలం పెరగదు, విప్పి చూసే వీలు మాత్రం పోతుంది. మూట కట్టేటప్పుడు వేసే రెండు ముళ్లు ఉయ్యాలకు బొత్తిగా పనికిరావు. 1944లో ముళ్ల మీద పెద్ద గ్రంథం వెలువరించిన క్లిఫర్డ్ యాష్లీ, రెండు తాళ్లను కలపడానికి ఆ ముడి వాడడం ఎన్నో ప్రాణాలు తీసి ఉంటుందని హెచ్చరించాడు. నావికులు, పర్వతారోహకులు నమ్మే బౌలైన్ ముడి నేర్చుకోవడం కష్టం కాదు. తాడులో చిన్న మెలిక వేసి, కొసను కిందినుంచి ఆ మెలికలోకి పైకి తెచ్చి, బరువు మోసే తాడు వెనకనుంచి తిప్పి, మళ్లీ అదే మెలికలోకి దించి బిగించాలి. ఏర్పడిన ఉచ్చు ఎంత లాగినా కుంచించుకుపోదు, బరువు తీశాక తేలిగ్గా విప్పుకోవచ్చు కూడా. అంత తేలిగ్గా విప్పుకునే ముడి తనంతట తనే ఊడదా? బరువు లేకుండా గాలికి ఊగుతూ ఉంటే వదులయ్యే మాట నిజమే. అందుకే 12 మిల్లీమీటర్ల తాడుకు కనీసం 15 సెంటీమీటర్ల కొస వదిలి, దాన్ని పక్క తాడుకు చుట్టి ఇంకో ముడి వేయాలి.

ముడి ఎంత బాగున్నా, తాడు నేరుగా కొమ్మ మీద ఊగితే లాభం లేదు. ప్రతి ఊపుకూ ఒకేచోట ఒరిపిడి, కింద చెట్టు బెరడుకు గాయం. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే, అది చుట్టూ తెగితే ఆ పైన కొమ్మ క్రమంగా ఎండిపోవచ్చు. కొమ్మకు వెడల్పాటి పట్టీ కదలకుండా చుట్టి, దానికి ఇనుప కొక్కెం తగిలించి, ఊగే తాడును లోహపు గాడి తొడిగిన ఉచ్చుతో ఆ కొక్కేనికి వేయాలి. అప్పుడు ఒరిపిడి ఇనుముకూ ఇనుముకూ మధ్యే జరుగుతుంది. గొలుసు వేస్తే ఈ గొడవే ఉండదనేవారు గుర్తుంచుకోవాల్సింది, గొలుసు కూడా అరిగేది కొక్కెం తగిలే లింకు దగ్గరే. పైగా అది ఎండకు కాలుతుంది, పిల్లల వేళ్లు నలుపుతుంది. ఇక కొమ్మ విషయం: మునగ, ఎర్రతురాయి కొమ్మలు పెళుసు, ఎంత లావున్నా వాటిని వదిలేయాలి. చింత, వేప మేలు, అదీ పుచ్చు లేకపోతేనే.

వానాకాలం వెళ్లగానే ఒకసారి తాడు దించి, పురి విప్పి, పేటలను వేళ్లతో విడదీసి లోపల చూడాలి. బయట బాగున్నా లోపల పొడి రాలినా, నారలు తెగినా, ముక్కవాసన వచ్చినా ఆ తాడు పని అయిపోయినట్టే. దాన్ని ముక్కలు కోసి పారేయాలి. చుట్టచుట్టి అటక మీద పెడితే వచ్చే పండక్కి ఎవరో ఒకరు మళ్లీ కొమ్మకు కడతారు.