మిర్యాము పాత్ర

మన ప్రభువు అప్పగింపబడిన రాత్రి శిష్యులతో పస్కా భుజించెనని సువార్తలలో చదువుచున్నాము. యూదుల ఇండ్లలో నేటికిని ఆ పండుగ రాత్రి కుటుంబమంతయు బల్ల చుట్టు కూర్చుండి, హగ్గాదా అను పుస్తకము చదువుచు, ఐగుప్తు విడుదలను పిల్లలకు వివరింతురు.

అయితే పండుగకు ముందు ఇల్లంతయు వెదకి పులిసినది తీసివేయుట, పాత్రలు మార్చుట, వంట చేయుట తరతరములుగా ఎక్కువగా స్త్రీల పనియే. పురుషులు దిండ్లకు ఆనుకొని కథ చెప్పగా స్త్రీలు వడ్డించుచు వచ్చిరి. స్త్రీలును ఆ అద్భుతములో పాలివారే గనుక పస్కా రాత్రి నాలుగు పాత్రలు వారును త్రాగవలెనని తల్మూదు చెప్పుచున్నది. అయినను సంప్రదాయ హగ్గాదాలో మిర్యాము పేరు లేదు. ఫరోకు భయపడక మగబిడ్డలను బ్రదుకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయాల పేర్లును లేవు.

ఈ లోటు చూచిన యూదు స్త్రీలు కొందరు పండుగను విడిచిపెట్టలేదు. 1970ల మధ్యలో ఇ.ఎం. బ్రోనర్, నవోమి నిమ్రోద్ అను ఇద్దరు స్త్రీల హగ్గాదాను వ్రాసిరి. 1976 నుండి న్యూయార్కులో స్త్రీలు కూడి దానితో పస్కా ఆచరించిరి. 1980ల చివర అమెరికాలోని బోస్టనులో మిర్యాము పాత్ర మొదలైనది. ఏలీయా కొరకు ద్రాక్షారసపు పాత్ర ఉంచు బల్లమీదనే మిర్యాము కొరకు నీళ్ల పాత్ర ఉంచుదురు. నీళ్లెందుకు? సంఖ్యాకాండము 20వ అధ్యాయములో మిర్యాము చనిపోయిన వెంటనే సమాజమునకు నీళ్లు లేకపోయెను. ఆమెను బట్టియే అరణ్యములో బావి వారితో వచ్చెనని యూదుల పెద్దల బోధ. అందరు యూదులు ఈ చేర్పును అంగీకరింపరు. పెద్దల క్రమమే చాలునని కొందరందురు.

మనము ఆ పాత్రను మన బల్లమీద పెట్టనక్కరలేదు. కాని మోషే అహరోనులతో పాటు మిర్యామును కూడ పంపితినని దేవుడే మీకా 6:4లో చెప్పుచున్నాడు. మన ఇండ్ల సంగతి ఏమి? క్రిస్మసు నాడు కుటుంబ ప్రార్థన జరుగుచుండగా తల్లి పొయ్యి దగ్గర నుండియే ఆమేన్ చెప్పుట లేదా? ఊరంతయు నిద్ర లేవకముందే నీళ్లు మోసి తెచ్చిన ఆమెకు వాక్యము దగ్గర కూర్చుండు తీరిక దొరకుట లేదు.

ఈ పండుగకు వంట ముగియువరకు ప్రార్థన ఆపుదము. కుమారులు కంచములు కడుగుదురు గాక. కుమార్తె వాక్యము చదువును గాక. తల్లి కూర్చుండి, దేవుడు తనకు చేసిన మేలును తన నోట చెప్పును గాక.