నాయనమ్మ నన్నెందుకు మరచిపోయింది?

"నాయనమ్మకు నా మీద కోపమా? నా పేరు పిలవదేం?" అని బిడ్డ అడిగితే, చాలా ఇళ్లలో పెద్దలు "చాదస్తం, నీకెందుకు, పోయి ఆడుకో" అంటారు. ప్రియ తల్లిదండ్రులారా, జవాబు దొరకని పసి మనస్సు "నేనేదో తప్పు చేశాను" అని తానే అనుకుంటుంది. కాబట్టి పిల్లలకు నిజం చెప్పండి.

ఇది డిమెన్షియా అనే జబ్బు. ఇందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో దీనిని మొదట వివరించాడు. మెదడులో కొత్త సంగతులను నిలుపుకొనే భాగం సాధారణంగా ముందు దెబ్బతింటుంది. అందుకే ప్రొద్దున తిన్నది గుర్తుండదు గాని, చిన్ననాడు సండే స్కూలులో నేర్చిన పాట నోటికి వస్తుంది. ఇది శాపం కాదు, దయ్యం కాదు, అంటువ్యాధి అసలే కాదు. 2023లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో సుమారు ఏడుగురికి ఈ జబ్బు ఉంది.

పల్లె నుండి హైదరాబాదు విద్యానగర్‌లోని కొడుకు ఇంటికి వచ్చిన ఒక తల్లిని తలంచుకోండి. క్రొత్త గదులు, క్రొత్త ముఖాలు ఆమెను మరింత తికమక పెడతాయి. ప్రొద్దుగూకితే "మా ఇంటికి పోతాను" అంటుంది. "ఇదే నీ ఇల్లు" అని వాదించినకొలదీ ఆమెలో భయం పెరుగుతుంది. "మీ ఊళ్లో చెరువు ఎంత ఉండేది నాయనమ్మా?" అని మనుమడు అడిగితే ఆమె మనస్సు నెమ్మదించవచ్చు. ఇంగ్లీషు మీడియం పిల్లలైనా ఆమెతో ఆమె భాషలోనే మాట్లాడాలి.

భాషకు, ఈ జబ్బుకు సంబంధముందని మన హైదరాబాదు వైద్యులు కూడా గమనించారు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనబడ్డాయని 2013లో తెలిపింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది.

పిల్లలకు ఇలా నేర్పండి:

"నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకూడదు. "నాయనమ్మా, నేను నీ మనుమరాలిని" అని తామే చెప్పాలి.

అడిగిందే పదిసార్లు అడిగినా నవ్వకూడదు, ఎగతాళి చేయకూడదు.

ఆమె కసిరితే బెదరక, మెల్లగా ప్రక్కకు వచ్చి పెద్దవారిని పిలవాలి. ఆ కోపం జబ్బు వలన వచ్చింది.

పాత ఫొటోలు చూపడం, కలిసి చిక్కుడుకాయలు ఒలవడం వంటి చిన్న పనులు పిల్లలకివ్వండి. కాని కాపలా భారమంతా వారిపై వేయకండి. వారికి ఏడుపు వస్తే ఏడవనివ్వండి.

మతిమరుపు కనిపించగానే వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వలన కూడా మరుపు రావచ్చు; వాటికి చికిత్స ఉంది. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఆ మాట కూడా పిల్లలకు దాచకండి. వృద్ధుల కొరకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14567.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో నాయనమ్మకు వచ్చిన పాటనే ఎత్తుకోండి. పిల్లలను ఆమె ప్రక్కనే కూర్చోబెట్టండి.