పాత కంప్యూటరుకు పునర్జీవనం: ఎమ్యులేటరు ఎంపిక, అమరిక

నూరేండ్ల నాటి పుస్తకాన్ని చదవడానికి అక్షరజ్ఞానం చాలును. నలుబది యేండ్ల నాటి కంప్యూటరు ప్రోగ్రామును నడపడానికి మాత్రం ఆనాటి యంత్రమే కావలె. యంత్రం చెడినచో ప్రోగ్రాము చదువరి లేని గ్రంథమగును. ఈ చిక్కును తీర్చునదే ఎమ్యులేటరు. అనగా ఒక యంత్రపు పనితీరును మరొక యంత్రంపై అనుకరించే ప్రోగ్రాము.

ఉదాహరణకు బి.బి.సి. మైక్రోను తీసుకొందము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమందలి ఏకార్న్ సంస్థ దీనిని 1981లో వెలువరించినది. 1984లో మన దేశంలో ఆరంభమైన ‘క్లాస్’ పథకం ద్వారా పాఠశాలలకు చేరినది కూడ ఈ కంప్యూటరే. దీని ప్రాసెసరు 6502. వేగం 2 మెగాహెర్ట్జ్. ‘బి’ నమూనాలో మెమరీ 32 కిలోబైట్లు.

ఇంత చిన్న యంత్రాన్ని అనుకరించుట సులభమని తోచవచ్చును. అసలు కష్టం కాలగణనలో ఉన్నది. కేంబ్రిడ్జి విద్యార్థులైన డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ రచించిన ‘ఎలీట్’ అనే ఆట 1984లో వెలువడినది. తెరపై బొమ్మ ఏర్పడుతుండగానే ఆ ప్రోగ్రాము మధ్యలో తెర పద్ధతిని మార్చివేస్తుంది. అందువల్ల పై భాగంలో సన్నని గీతలు, క్రింది భాగంలో రంగులు ఒకేసారి కనబడతాయి. ఆ మార్పు సరియైన క్షణంలో జరుగకున్న బొమ్మ చెదరును. కావున ఇట్టి ఆటలకు ప్రాసెసరును, తెరను ఖచ్చితంగా జతపరచే ఎమ్యులేటరును ఎన్నుకొనవలె. సామాన్యమైన బేసిక్ పాఠాలకు అంత పట్టింపు అక్కరలేదు.

బీబ్‌ఎమ్, బి-ఎమ్, జె.ఎస్.బీబ్ ఈ యంత్రానికి గల ఎమ్యులేటర్లలో కొన్ని. జె.ఎస్.బీబ్ బ్రౌజరులోనే నడుచును గనుక క్రొత్తవారికి అనుకూలము.

అమరికలో మూడు విషయాలు గమనింపవలె. మొదటిది నమూనా: డిస్కు సౌకర్యం గల ‘బి’ నమూనాను ఎన్నుకొనుడు. రెండవది డిస్కు ప్రతి: ఒక ప్రక్క డిస్కుకు ఎస్.ఎస్.డి., రెండు ప్రక్కల డిస్కుకు డి.ఎస్.డి. అనే ఫైళ్లు ఉంటాయి. డిస్కును జతపరచి, షిఫ్టు మీటను నొక్కిపట్టి, బ్రేక్ మీటను నొక్కి వదలినచో ప్రోగ్రాము మొదలగును. బ్రేక్ మీట మన కీబోర్డుపై ఎఫ్-12. మూడవది మీటల అమరిక: ఆ యంత్రంలో కొటేషను గుర్తు 2 అంకెపై ఉన్నది. ఇది తెలియక పలువురు తొలి ఆజ్ఞ వద్దనే ఆగిపోతారు.

విద్యార్థులకు ఒక మనవి. మీ ఇండ్లలో, చదివిన పాఠశాలల బీరువాలలో ఆనాటి ఫ్లాపీలు ఉండవచ్చును. వాటిపైని అయస్కాంతపు పూత కాలక్రమాన క్షీణించును. చదువగల డ్రైవు లభించినప్పుడే వాటిని ఫైళ్లుగా భద్రపరచుడు. ఎమ్యులేటరు పోయిన యంత్రాన్ని తిరిగి ఈయగలదు గాని, చెరిగిపోయిన ప్రోగ్రామును ఈయజాలదు.