గుండుసూది తలకు కూలి ఎంత?

శ్రమ విభజన అనగానే ఆడమ్ స్మిత్ గుర్తొస్తాడు. కూలి లెక్క చూడాలంటే మాత్రం చార్లెస్ బాబేజ్ దగ్గరికి వెళ్లాలి.

స్మిత్ పుస్తకం 'వెల్త్ ఆఫ్ నేషన్స్'కు 250 ఏళ్లు నిండాయి, గుండుసూదుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారం సాయంత్రానికల్లా కాపీ ఇవ్వాలి. స్మిత్ కథ ఎకనామిక్స్ చదివినవాళ్లకు కంఠతా వచ్చిందే. కొత్తగా ఏమైనా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే, బాబేజ్ 1832లో అచ్చేసిన ఒక పట్టిక తగిలింది. ఇక దాన్ని వదలబుద్ధి కాలేదు.

స్మిత్ సంగతి గబగబా చెప్పేస్తాను. సంవత్సరం 1776. పదిమంది మగవాళ్లున్న చిన్న కార్ఖానా. ఒకడు తీగ లాగుతాడు, ఒకడు సాపు చేస్తాడు, ఇంకొకడు కత్తిరిస్తాడు. ఇలా సుమారు 18 పనులు. రోజుకు 48,000 సూదులు, అంటే మనిషికి 4,800. ఒక్కడే అన్నీ చేసుకుంటే రోజుకు 20 కూడా కావంటాడు. కారణాలు మూడు: చేయి తిరుగుతుంది, పని మారేటప్పుడు పోయే కాలం మిగులుతుంది, యంత్రాలు పుట్టుకొస్తాయి. జీవితమంతా ఒకటి రెండు పనులతోనే గడిపేవాడి బుద్ధి మొద్దుబారుతుందన్నదీ ఆయనే, అదే పుస్తకం చివరి భాగంలో.

కంప్యూటర్‌కు తాత అని మనం చెప్పుకునే బాబేజ్ పట్టికలోనూ పనివాళ్లు పదిమందే. కాకపోతే నలుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. పనులు ఏడు. పౌండు బరువుకు 5,546 సూదులు. వాటికి పట్టే కాలం 7.6892 గంటలు, తయారీ ఖర్చు 12.8732 పెన్నీలు. పెన్నీలో పదివేలో వంతు దాకా లెక్కగట్టిన ఆ చాదస్తమంటే నాకు ముచ్చట. స్మిత్ కథలో కనిపించని మనుషులు ఆ దశాంశాల్లోనే దొరుకుతారు.

ముఖ్యంగా తల బిగించే ఆవిడ. అప్పట్లో సూది తలంటే రెండు చుట్లు తిప్పి కోసిన సన్నటి తీగ. దాన్ని సూదికి తొడిగి, ఉక్కు అచ్చులో పెట్టి, కాలితో తొక్కితే పైనున్న అచ్చు లేచి పడుతుంది. దాని బరువు ఏడు నుంచి పది పౌండ్లు. సూదిని తిప్పుతూ మరికొన్ని దెబ్బలు వేయాలి. పౌండు సూదులకు ఆమెకు పట్టేది నాలుగు గంటలు. భాగించి చూశాను: సూదికి రెండున్నర సెకన్ల పైచిల్లర. ఆ కాస్తలోనే దెబ్బలన్నీ పడాలి. రోజంతా తొక్కితే చేతికొచ్చేది 15 పెన్నీలు.

ఇలాంటి లెక్కలు తీసేవాళ్లకు బాబేజ్ ఒక జాగ్రత్త చెప్పాడు. గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడితే తల బిగించే మనిషి తప్పకుండా జోరు పెంచుతుంది, మీ లెక్క తప్పుతుంది. రోజుకు ఎంత పని న్యాయమో అడగండి. అది తేలకపోతే, మీరున్నారని తెలియకుండా లెక్కపెట్టండి. మగ్గమైతే బయట నిలబడి చప్పుడు విన్నా చాలు.

ఇక అసలు సంగతి. కళాయి వేసే మగవాడి కూలి రోజుకు ఆరు షిల్లింగులు, అందరికన్నా ఎక్కువ. పౌండు సూదులకు అతని అవసరం ఆరున్నర నిమిషాలే. తల బిగించడం, కాగితానికి గుచ్చడం కలిపితే ఆరు గంటలు దాటుతుంది. ఆ రెండూ ఆడవాళ్లవే. అన్ని పనులూ వచ్చిన ఆరు షిల్లింగుల వాడే ఏడూ చేస్తే, చేతివేగం ఏమీ తగ్గకపోయినా, 13 పెన్నీల లోపు ఖర్చు 46 దాటుతుంది. పనిని ముక్కలు చేస్తే యజమాని ఏ ముక్కకు ఎంత నేర్పు కావాలో అంతే కొనుక్కోవచ్చునన్నది బాబేజ్ కలిపిన నాలుగో కారణం.

బాబేజ్ దీన్ని ఫిర్యాదుగా చెప్పలేదు, మెచ్చుకోలుగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు మింగుడుపడదు. నేర్పు వల్ల సరుకు పెరిగిందంటే ఒప్పుకుంటాను. చౌక అయిందంటే మాత్రం, ఎక్కువ గంటల పని ఎవరికి పడింది, వాళ్ల కూలి ఎంత అని అడగాల్సిందే. కాలేజీలో నాకు చెప్పింది మూడు కారణాలే. నా ఓటు నాలుగోదానికి.

రోజు కూలి పట్టీ (షిల్లింగుకు 12 పెన్నీలు)

తీగ లాగడం: మగవాడు, 3 షి. 3 పె.
సాపు చేయడం: ఆడమనిషి, 1 షి.; ఆడపిల్ల, 6 పె.
మొన తీయడం: మగవాడు, 5 షి. 3 పె.
తలలు చుట్టి కోయడం: మగవాడు, 5 షి. 4½ పె.; పిల్లవాడు, 4½ పె.
తల బిగించడం: ఆడమనిషి, 1 షి. 3 పె.
కళాయి: మగవాడు, 6 షి.; ఆడమనిషి, 3 షి.
కాగితానికి గుచ్చడం: ఆడమనిషి, 1 షి. 6 పె.

లెక్కల కార్ఖానా

1790లలో ఫ్రాన్సులో గాస్పార్ ద ప్రోనీ స్మిత్ పుస్తకం చూసి, లాగరిథమ్ పట్టికల పనిని మూడు అంచెలుగా పంచాడు. పైన కొద్దిమంది గణితజ్ఞులు, మధ్యలో ఏడెనిమిది మంది, కింద 60 నుంచి 80 మంది. కిందివాళ్లలో చాలామందికి కూడికలు, తీసివేతలే వచ్చు. వాళ్ల లెక్కల్లోనే తప్పులు తక్కువని బాబేజ్ రాశాడు. ఆ కూడికలూ తీసివేతలూ యంత్రానికి అప్పగించాలన్నదే ఆయన డిఫరెన్స్ ఇంజన్.

నోటు మీద సూదులు

స్మిత్ బొమ్మతో పాటు గుండుసూదుల కార్ఖానా బొమ్మ ఉన్న 20 పౌండ్ల నోటును బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2007లో తెచ్చింది. 2022 సెప్టెంబరు 30తో ఆ కాగితం నోటు చెలామణీ ముగిసింది.