పనికి కులం పేరు, నైపుణ్యానికి పేరు లేదు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మర పడవల వేట ఆగిపోతుంది. ప్రభుత్వ భాషలో ఇది వేట నిషేధ కాలం. వార్తల్లో ఇది మత్స్యకారులు ఖాళీగా కూర్చునే కాలం. కానీ విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో ఒడ్డుకెక్కించిన పడవల కింద ఆ ఎండల్లోనే ఏడాదిలోకెల్లా కఠినమైన పని ఒకటి జరుగుతుంది. అది పడవ అడుగును శుభ్రం చేసి రంగు వేసే పని.

నెలల తరబడి ఉప్పునీటిలో నానిన అడుగుకు గుల్లలు, నాచు గట్టిగా పట్టేస్తాయి. వాటితో పడవ వేగం తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. కొయ్య పడవనైతే సముద్రపు పురుగు లోపలి నుంచి తొలిచేస్తుంది. అందుకే ముందు గుల్లలను ఇనుప రేకులతో గీకాలి. మంచినీటితో ఉప్పు పోయేలా కడగాలి. పూర్తిగా ఆరనివ్వాలి. పుచ్చిన పలక మార్చి, సందుల్లో నూలు కూరి లప్పం పట్టించాలి. గరుకు కాగితంతో రుద్ది తొలిపూత, ఆపైన రంగు, నీటిలో మునిగే భాగానికి గుల్లలు పట్టనివ్వని రాగి సమ్మేళనాల పూత వేయాలి. తడి ఆరకముందే పూత వేస్తే కొద్ది నెలల్లోనే పొక్కులు లేస్తాయి. చెక్క ఆరిందో లేదో వేలితో తట్టి చెప్పగలగడం ఏళ్ల అనుభవంతో వచ్చే పరిజ్ఞానం.

ఈ పరిజ్ఞానానికి మన సమాజం పెట్టిన పేరు 'కులవృత్తి'. వాడబలిజ, జాలరి, అగ్నికులక్షత్రియ, పట్టపు వారికి అది పుట్టుకతోనే వచ్చేస్తుందని మనం అనుకుంటాం. పుట్టుకతో వచ్చినదానికి శిక్షణ అక్కర్లేదు, ధ్రువపత్రం అక్కర్లేదు, తగిన కూలీ అడిగే హక్కూ అక్కర్లేదు! నైపుణ్యాన్ని స్వభావంగా మార్చి దాని విలువను మాయం చేయడమే ఈ మాట చేసే పని. కులం అనేది శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వివరించారు. పడవ అడుగున ఆ విభజన నేటికీ కనిపిస్తుంది.

విశాఖలోనే 1941లో పునాది పడిన నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. ఓడల పరిశ్రమలో ఉపరితలాన్ని శుద్ధి చేసి పూత వేయడం ఒక సాంకేతిక విభాగం. దానికి ప్రమాణాలు, తనిఖీలు, రక్షణ సామగ్రి ఉంటాయి. అదే పని రేవులో చేసే చేతులకు ముక్కుకు కట్టుకున్న తువ్వాలే రక్షణ. పాత పూతలను గీకితే లేచే ధూళిలో సీసం, రాగి ఉండవచ్చు. ఫైబర్ పడవను రుద్దితే గాజుపీచు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రభుత్వ పథకాల దృష్టి కూడా ఇంతే. వేట నిషేధ భృతి 2019లో పది వేల రూపాయలైంది, 2025లో ఇరవై వేలకు పెరిగింది. ఇది ఆహ్వానించదగినదే. కానీ దానికి కొలమానం పడవపై వేటకు వెళ్లడం. వయసు మీరి వేట మానుకుని ఒడ్డున పడవలు బాగుచేసుకుని బతికే వ్యక్తి ఆ లెక్కలోకి ఎలా వస్తాడు? 2023లో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో పడవ తయారీని చేర్చింది. శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, రుణం ఇస్తామంది. అయితే ఆ వృత్తులకు అది పెట్టిన నిర్వచనం కుటుంబ సంప్రదాయం. పనికి గుర్తింపు ఇస్తూనే దాన్ని మళ్లీ వంశానికి కట్టేసే చూపు ఇది.

బీసీ-ఏ జాబితా ఈ కులాలను పుట్టుకను బట్టి గుర్తిస్తుంది. చారిత్రక అన్యాయానికి రిజర్వేషన్ అవసరమైన పరిహారం. దానికి తోడు పనిని బట్టి గుర్తించే వ్యవస్థ కూడా కావాలి. ప్రతి రేవులో పడవ మరమ్మతు కార్మికుల నమోదు, పరీక్షించి ఇచ్చే నైపుణ్య ధ్రువపత్రం, కనీస వేతనం, ముసుగులు, చేతితొడుగులు, నిషేధ భృతిలో వాటా ఉండాలి. ఈ పనిలో చేరే తలుపు ఏ కులం వారికైనా తెరిచి ఉండాలి. దాన్ని వదిలి బయటికి వెళ్లే తలుపు ఈ కులాల పిల్లలకు మూసుకుపోకూడదు.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక పడవలు కొత్త రంగులతో నీటిలోకి దిగుతాయి. వాటి పక్కన 'ఐఎన్‌డీ ఏపీ' అంటూ మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య మెరుస్తుంటుంది. పడవకు రాజ్యం ఒక సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్యను రాసిన చేతికి ఇంకా ఏదీ ఇవ్వలేదు.