ఉబ్బసమును, పీల్చెడి మందును

బంగాళాఖాతము నడుమ, సాలుకు ఇంచుమించు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసెడి అండమాను దీవులలో గోడలు బూజు పట్టుటయు, పరుపులు చెమ్మగిల్లుటయు, పెట్టెలోని బట్టలు ముక్కవాసన వేయుటయు ఎవరికిని వింత గాదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్టు బ్లెయరులో, జంగ్లీఘాటు రేవున చేపలు దింపుకొను మన తెలుగు మత్స్యకారుల ఇండ్లలోను ఇదే తంతు. ఆ బూజులోని సూక్ష్మబీజములును, చెమ్మ పరుపులలో కంటికి కానరాక పెరిగెడి ధూళిపురుగుల మలమును ఉబ్బసరోగికి పరమశత్రువులు. బారెన్ దీవి అగ్నిపర్వతము 1991 నుండి అప్పుడప్పుడు పొగ గ్రక్కుచున్నమాట నిజమే. కాని అది పట్టణమునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది గనుక, దానిని నిందించుటకన్న ఎండ కాసినపుడు పరుపును పెరటిలో వేయుట మేలు.

శ్వాసనాళముల లోపొర సదా వాచియుండుటయే ఈ వ్యాధికి మూలము. ఆ వాపుపై ధూళియో, చలిగాలియో, పొగయో సోకగానే నాళములచుట్టునున్న కండరములు బిగిసి, శ్లేష్మము పేరుకొని, అపరరాత్రివేళ పిల్లికూతలును ఆయాసమును ఆరంభమగును.

దీనికి మందును పీల్చుట నేటి పాశ్చాత్యుల కల్పన యని తలంపవలదు. ఎండిన ఉమ్మెత్త పొగను పీల్చు మన దేశవాడుక 1802 ప్రాంతమున మదరాసునుండియే ఇంగ్లండునకు ప్రాకినది. ఉమ్మెత్తలోని ఆట్రోపిన్ వంశమునకు చెందిన ఇప్రాట్రోపియమ్ నేటికిని, ముఖ్యముగా పొగత్రాగువారికి వచ్చు సి.ఓ.పి.డి. యను దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి యందు, పీల్చెడి మందే. ఇక నేటి డబ్బీ విషయమునకు వచ్చినచో, అమెరికాలో రైకర్ మందుల సంస్థాధిపతియైన జార్జి మేసన్ కుమార్తె, తన ఉబ్బసపు మందును తలకు చల్లుకొను స్ప్రేవలె ఏల చేయరాదని 1955లో అడుగగా, మరుసటి ఏటనే ఈ తరహా మొదటి ఇన్‌హేలరు వెలువడినది.

"పంపుకు అలవాటు పడుదుమేమో" యను భయము మనలో గాఢముగా పాతుకొన్నది. ఇది నిరాధారము. బిగిసిన నాళములను సడలించు సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములది యైతే, ఒక పీల్పులో నుండునది 100 మైక్రోగ్రాములు, అనగా నలువదింట నొకవంతు. పైగా అది నేరుగా రోగస్థానమునకే చేరును. అసలు అపాయము వేఱొకచోట నున్నది: తత్క్షణమే ఉపశమమిచ్చు ఆ సాల్బుటమాల్ నీలిడబ్బీనే నమ్ముకొని, వాపును తగ్గించెడి స్టెరాయిడు ఇన్‌హేలరును మానివేయుట. నీలిడబ్బీ మాత్రమే వాడుట తగదని అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంఘమైన గీనా 2019లో తేల్చి చెప్పినది.

వాడు విధము తెలియక మందును వృథా చేయువారే మెండు. డబ్బీని బాగుగా కుదిపి, ఊపిరిని పూర్తిగా విడిచి, పెదవులతో బిగించి, నొక్కుచునే మెల్లగా లోతుగా పీల్చి, పది లెక్కించువఱకు బిగబట్టవలెను. గబుక్కున పీల్చినచో మందు చాలవఱకు గొంతునకే అంటుకొనును. పిల్లలకు డబ్బీకి తగిలించెడి గొట్టము, అనగా స్పేసరు, తప్పనిసరి. స్టెరాయిడు పీల్చినపిమ్మట నోరు పుక్కిలించి ఉమియవలెను.

తుపాను దినములలో ఓడలు నిలిచిపోవును గనుక, దూరపు దీవులలో నుండువారును, వేటకు పోవువారును డబ్బీ ఖాళీ కాకమునుపే మఱియొకటి తెచ్చి దగ్గర నుంచుకొనుడు. మాట పెగలనంత ఆయాసము వచ్చినచో తెల్లవారువఱకు వేచియుండక ఆసుపత్రికి పొండు.